ఆల్ సీజన్ టైర్లా, వింటర్ టైర్లా? ఏ రోడ్డు మీద ఏది ఎలా ఆగుతుంది: తరచుగా అడిగే ప్రశ్నలు

కారుతో పాటు వచ్చిన టైర్లు బానే ఉన్నాయి, పైగా ఆల్ సీజన్ అని పేరే ఉంది, మళ్ళీ వింటర్ టైర్లు దేనికి అని అడిగేవాళ్ళ కోసం ఇది రాస్తున్నా. ఒక మాట ముందే చెప్పేస్తా, ఈ రెండు టైర్ల మధ్య అసలు తేడా కారు కదిలేటప్పుడు కాదు, ఆగేటప్పుడు తెలుస్తుంది. ఇంకోటి, మన భాషలో పొద్దున్నే కమ్ముకునే పొగా మంచే, ఆకాశం నుంచి పడేదీ మంచే, రోడ్డు మీద గడ్డకట్టేదీ మంచే. కానీ టైరుకి ఇవన్నీ పూర్తిగా వేరు వేరు సంగతులు, అందుకే కింద స్నో, ఐస్ అని విడదీసి రాశాను.

అసలు ఈ రెండు టైర్లకీ తేడా ఏంటి?

మొదటిది రబ్బరు. పాత రబ్బరు చెప్పు చలికి ఎలా బిరుసెక్కుతుందో టైరు కూడా అంతే, చలి పెరిగేకొద్దీ గట్టిపడుతుంది, గట్టిపడ్డ రబ్బరు రోడ్డు మీద ఉండే సన్నటి ఎగుడు దిగుళ్ళలోకి దిగలేదు, దిగకపోతే పట్టు ఉండదు. వింటర్ టైరు రబ్బరు మిశ్రమాన్ని చలిలో కూడా మెత్తగా ఉండేలా తయారు చేస్తారు, అందులో సిలికా బాగా కలుపుతారు. ఆల్ సీజన్ టైరేమో ఎండకి కరిగినట్టు అరిగిపోకూడదు, చలికి రాయిలా అవ్వకూడదు, అంటే రెండు పడవల మీద కాళ్ళు పెట్టి నిలబడాలి, అందుకే రెండిట్లోనూ కొంత వదులుకుంటుంది.

రెండోది ట్రెడ్, అంటే టైరులో రోడ్డుని తాకే గాడుల భాగం. వింటర్ టైరుని దగ్గరగా చూడండి, ఒక్కో రబ్బరు దిమ్మ మీద కత్తితో కోసినట్టు వందల కొద్దీ సన్నటి గీతలుంటాయి, వాటిని సైప్స్ అంటారు. టైరు రోడ్డుని తాకినప్పుడు ఆ గీతలు కొద్దిగా విచ్చుకుని వాటి అంచులు స్నోని, ఐస్‌ని గీరి పట్టుకుంటాయి. పెద్ద గాడులు కూడా లోతుగా, వెడల్పుగా ఉంటాయి. చాలామందికి తెలియని విషయం ఏంటంటే ఆ గాడుల్లో స్నో ఇరుక్కోవడం మంచిదే, రబ్బరు స్నోని పట్టుకునే దానికంటే స్నో స్నోని ఎక్కువ గట్టిగా పట్టుకుంటుంది, చేత్తో ఉండ చేస్తే అంటుకుపోతుంది కదా, అదే ఇక్కడ పనికొస్తుంది.

మా దగ్గర స్నో పెద్దగా పడదు, చలి మాత్రం ఉంటుంది. అయినా వింటర్ టైర్లు కావాలా?

ఈ 7 డిగ్రీల లెక్క మీరు వినే ఉంటారు, టెంపరేచర్ 7 డిగ్రీల సెల్సియస్ కంటే తగ్గితే వింటర్ టైర్లు వేసుకోవాలి అని. అది ఎండాకాలం కోసమే చేసే సమ్మర్ టైర్ల విషయంలో మంచి గుర్తు, ఎందుకంటే ఆ దగ్గర్నుంచి సమ్మర్ టైరు రబ్బరు బిగుసుకోవడం మొదలవుతుంది. ఆల్ సీజన్‌కి మాత్రం దాన్ని గీత గీసినట్టు పట్టుకోనక్కర్లేదు, 3 డిగ్రీల్లో పొడి రోడ్డు మీద మంచి ఆల్ సీజన్ టైరు చక్కగా నడుస్తుంది. సున్నాకి కిందకి పోయి అక్కడే రోజుల తరబడి ఉండిపోయే చోట అయితే వింటర్ వైపే మొగ్గుతాను, ఎందుకంటే అలాంటి చోట స్నో లేకపోయినా రోడ్డు మీద తడి గడ్డకట్టి అలాగే ఉండిపోతుంది.

పొడి రోడ్డు మీద ఏది బెటర్?

ఆల్ సీజన్. వింటర్ టైరు ట్రెడ్ మెత్తగా, గీతలు గీతలుగా ఉంటుంది కాబట్టి పొడి తారు మీద స్పీడ్‌లో తిప్పితే కాస్త ఊగినట్టు, స్టీరింగ్ మాట ఆలస్యంగా విన్నట్టు అనిపిస్తుంది, బ్రేక్ కొడితే కూడా కొంచెం ఎక్కువ దూరం పోతుంది. మామూలుగా నడిపేవాళ్ళకి రెండు రోజుల్లో అలవాటైపోతుంది.

వానలో?

ఇక్కడ టెంపరేచర్ చూడాలి. వాన వెచ్చటి రోజున పడితే ఆల్ సీజనే ముందుంటుంది. సున్నాకి కాస్త పైన, అంటే 2, 3 డిగ్రీల్లో పడే చల్లటి వానలో మంచి వింటర్ టైరు చాలాసార్లు దానికి సమానంగానో, ఇంకా మెరుగ్గానో ఉంటుంది, కానీ అన్ని వింటర్ టైర్లూ కాదు, దాని గురించి కింద విడిగా రాశా. ఇక రోడ్డు మీద నీళ్ళు నిలిచి టైరు తేలిపోవడం, అదే హైడ్రోప్లేనింగ్, దానికి టైరు రకం కంటే ట్రెడ్ లోతు, టైరులో గాలి, మీ స్పీడ్ ముఖ్యం. సగం నీళ్ళు సగం స్నో కలిసిన బురద లాంటి స్లష్ కూడా ఇలాగే తేలుస్తుంది, పైగా నీళ్ళకంటే చిక్కగా ఉంటుంది కాబట్టి పక్కకి తోసెయ్యడం కష్టం, లేన్ మారేటప్పుడు మధ్యలో పోగైన స్లష్ గట్టు మీదకి ఎక్కగానే స్టీరింగ్ ఒక్కసారిగా తేలికైపోతుంది, ఆ క్షణంలో లోతైన గాడులున్న వింటర్ టైరు విలువ తెలుస్తుంది.

స్నో మీద నిజంగా అంత తేడా ఉంటుందా?

ఉంటుంది, దీన్ని లెక్కలో చూపిస్తా. గంటకు 50 కిలోమీటర్ల స్పీడ్‌లో వెళ్తూ బ్రేక్ కొట్టారు అనుకోండి, మీరు ఆలోచించే టైమ్ పక్కన పెట్టి కారు ఆగడానికి పట్టే దూరం మాత్రమే చూద్దాం. పొడి తారు మీద పట్టు, అంటే ఘర్షణ గుణకం, 0.8 దగ్గర ఉంటే సుమారు 12 మీటర్లలో ఆగుతుంది. గట్టిగా అణిగిపోయిన స్నో మీద ఆ పట్టు 0.2, 0.3 ఆ చుట్టుపక్కలకి పడిపోతుంది. 0.3 అయితే, అది వింటర్ టైరు అనుకోండి, 33 మీటర్లు, 0.2 అయితే, అది ఆల్ సీజన్ అనుకోండి, 49 మీటర్లు. చూడ్డానికి సున్నా పాయింట్ ఒకటే తేడా, కానీ దూరంలో 16 మీటర్లు, అంటే మూడు నాలుగు కార్ల పొడవు.

ఇంకో రకంగా చూడండి. 0.3 పట్టు ఉన్న కారు పూర్తిగా ఆగిపోయిన చోటికి 0.2 పట్టు ఉన్న కారు వచ్చేసరికి అది ఇంకా దాదాపు 29 కిలోమీటర్ల స్పీడ్‌లో ఉంటుంది. ముందు ఎవరైనా రోడ్డు దాటుతుంటే ఒక కారు వాళ్ళ ముందు ఆగింది, ఇంకో కారు 29 మీద వాళ్ళని గుద్దింది. నేను వింటర్ టైర్ల గురించి ఇంతగా చెప్పడానికి కారణం ఈ ఒక్క లెక్కే.

ఐస్ మీద, బ్లాక్ ఐస్ మీద?

ఐస్ మీద ఏ టైరూ మిమ్మల్ని పూర్తిగా కాపాడదు, అది ముందు ఒప్పుకోవాలి. పట్టు 0.1కి పడిపోతే అదే 50 స్పీడ్‌లో ఆగడానికి 98 మీటర్లు కావాలి, 30 స్పీడ్‌లో అయినా 35 మీటర్లు. వింటర్ టైరు ఆ పట్టుని కొంత పెంచుతుంది, ఆ కొంతే చాలాసార్లు సరిపోతుంది, కానీ పొడి రోడ్డులా ఎప్పటికీ అవ్వదు.

చాలామంది బాగా చలిగా ఉంటే ఐస్ ఇంకా ప్రమాదం అనుకుంటారు, నిజానికి ఉల్టా. సున్నా డిగ్రీల దగ్గర ఉన్న ఐస్ పైన సన్నటి నీటి పొర ఉంటుంది, టైరుకీ ఐస్‌కీ మధ్య ఆ పొర నూనెలా పనిచేస్తుంది, అందుకే అన్నిటికంటే జారుడుగా ఉండేది అదే. మైనస్ 20లో ఉన్న ఐస్ మీద పట్టు దానికంటే నయం. ఐస్ కోసం చేసిన మెత్తటి వింటర్ టైర్లలో రబ్బరులోనే సన్నటి రంధ్రాలు పెట్టి ఆ నీటి పొరని పీల్చుకునేలా చేస్తారు.

బ్లాక్ ఐస్ అంటే నల్లగా ఉండేది కాదు, అద్దంలా ఉండి కింద తారు కనిపిస్తుంది కాబట్టి ఆ పేరు. వంతెనల మీద, చెట్ల నీడ పడే మలుపుల్లో ముందుగా వస్తుంది, వంతెనకి కింద నేల వెచ్చదనం ఉండదు కదా, పైనా కిందా రెండు వైపులా చలిగాలే. రోడ్డు తడిగా మెరుస్తోంది కానీ ముందు కారు చక్రాల నుంచి నీళ్ళు చిమ్మడం లేదు అంటే అనుమానించండి.

నాది ఆల్ వీల్ డ్రైవ్ కారు, నాకు వింటర్ టైర్లు అక్కర్లేదు కదా?

ఈ నమ్మకంతోనే ఎక్కువమంది దెబ్బతింటారు, నేనూ ఒకప్పుడు ఇలాగే అనుకున్నా. ఆల్ వీల్ డ్రైవ్ ఇంజిన్ బలాన్ని నాలుగు చక్రాలకీ పంచుతుంది, అది ముందుకి కదలడానికి మాత్రమే. బ్రేకులు ప్రతి కారులోనూ నాలుగు చక్రాలకీ ఉన్నాయి, కాబట్టి ఆగే విషయంలో ఆల్ వీల్ డ్రైవ్ మీకు ఇచ్చేది ఏమీ లేదు. ఒక రోజు కొత్తగా స్నో పడింది, ఎత్తు మీద నుంచి కారు ఎక్కడా జారకుండా సులువుగా బయల్దేరింది, అందుకే రోడ్డు బానే ఉందనుకున్నాను. దిగువన సిగ్నల్ దగ్గర స్పీడ్ 20 కూడా లేదు, బ్రేక్ నొక్కితే పెడల్ కింద ఏబీఎస్, అంటే చక్రాలు బిగుసుకుపోకుండా చూసే ఏర్పాటు, గరగరమంటోంది, కారు మాత్రం మెల్లగా, అసలు తగ్గకుండా గీత దాటి కూడలి మధ్యలోకి వెళ్ళిపోయింది. అటు నుంచి ఎవరూ రాలేదు కాబట్టి ఈ రోజు ఇది రాస్తున్నా. కదిలేటప్పుడు పట్టు లేదని తెలిసుంటే నేను ఇంకా నెమ్మదిగా వెళ్ళేవాణ్ణి, ఆల్ వీల్ డ్రైవ్ ఆ హెచ్చరికని దాచేసింది.

టైరు పక్కన ఎం ప్లస్ ఎస్ అని ఉంది, అంటే స్నో టైరే కదా?

కాదు, ఇది బాగా తెలుసుకోవాల్సిన సంగతి. ఎం ప్లస్ ఎస్ అంటే మడ్ అండ్ స్నో, బురద, స్నో అని. ఆ గుర్తు ట్రెడ్ ఆకారాన్ని బట్టి వేస్తారు, గాడులు ఇంత శాతం ఉండాలి అనే లెక్క, స్నో మీద నడిపి పరీక్షించాలన్న నియమం దానికి లేదు. దాదాపు ప్రతి ఆల్ సీజన్ టైరు మీదా అది ఉంటుంది.

మీరు వెతకాల్సింది మూడు శిఖరాల కొండ, దాని మధ్యలో స్నోఫ్లేక్ ఉన్న బొమ్మ. 1999లో అమెరికా, కెనడా టైరు పరిశ్రమ వాళ్ళు తెచ్చారు, స్నో మీద నిజంగా పరీక్ష చేసి, ఒక స్టాండర్డ్ టైరు కంటే కనీసం 10 శాతం మెరుగ్గా ఉంటేనే ఇస్తారు. కానీ అది కూడా పాస్ మార్కు లాంటిదే, క్లాస్ ఫస్ట్ వచ్చినట్టు కాదు. ఆ పరీక్ష అణిగిన స్నో మీద పట్టు చూస్తుంది, ఐస్ మీద ఎలా ఉంటుందో చెప్పదు. ఐస్ కోసం విడిగా ఒక గుర్తు ఉంది, యూరోపియన్ యూనియన్ టైరు లేబుల్ మీద 2021 మే నుంచి అది కనిపిస్తోంది.

ఆల్ వెదర్ అని ఇంకోటి అమ్ముతున్నారు, అదేంటి మళ్ళీ?

పేరు దగ్గరగా ఉండి అందరినీ తికమక పెడుతుంది. ఆల్ సీజన్ అనేది పాత ఆలోచన, 1977లో గుడ్‌ఇయర్ టియెంపో తో మార్కెట్‌లోకి వచ్చింది. ఆల్ వెదర్ అంటే ఏడాది పొడుగునా ఉంచుకోవచ్చు, కానీ కొండ గుర్తు పరీక్ష కూడా పాసైన టైరు. 2015లో వచ్చిన మిషెలిన్ క్రాస్‌క్లైమేట్ తర్వాత ఈ రకం బాగా పాపులర్ అయింది. ఇంకో తిరకాసు ఏంటంటే యూరప్‌లో ఆల్ సీజన్ అని అమ్మేవి చాలావరకు ఈ కొండ గుర్తు ఉన్నవే, ఉత్తర అమెరికాలో అదే పేరుతో అమ్మేవాటిలో చాలావాటికి ఉండదు, అందుకని పేరు వదిలేసి బొమ్మ చూసి కొనండి.

ఏడాదికి నాలుగైదు సార్లు స్నో పడి, రోడ్లు శుభ్రం చేసే బళ్ళు తిరిగి, రెండు రోజుల్లో కరిగిపోయే చోట ఉంటే ఆల్ వెదర్ చాలా మంచి ఎంపిక అని నా అభిప్రాయం. నెలల తరబడి స్నో ఉండే చోట, కొండ దారుల్లో, పొద్దున్నే రోడ్డు శుభ్రం చేయకముందే డ్యూటీకి బయల్దేరేవాళ్ళకి మాత్రం సరైన వింటర్ టైరే. స్నో అనేదే లేని చోట మామూలు ఆల్ సీజన్ చాలు, అనవసరంగా భయపడి కొనకండి. ఎటూ తేలకపోతే మీ చలికాలంలో సగటు రోజుని కాకుండా, ఇంట్లో కూర్చోవడం కుదరని అత్యంత పాడు రోజుని తలుచుకుని ఎంచుకోండి.

వింటర్ టైర్లన్నీ ఒకటేనా?

కాదు. స్థూలంగా మూడు రకాలు. ఒకటి, చలి దేశాల హైవేల కోసం చేసినవి, తడి రోడ్డు మీద, ఎక్కువ స్పీడ్‌లో స్థిరంగా ఉంటాయి, ఐస్ మీద మాత్రం మధ్యస్థం. రెండు, ఉత్తరాది కోసం చేసిన బాగా మెత్తటివి, ఐస్ మీద, గట్టి స్నో మీద బ్రహ్మాండంగా ఉంటాయి కానీ 5 డిగ్రీల వానలో బ్రేక్ దూరం పెరిగిపోతుంది. మూడు, లోహపు మేకులు ఉన్న స్టడెడ్ టైర్లు, తడి ఐస్ మీద వీటిని మించింది లేదు, కానీ చప్పుడు ఎక్కువ, ఖాళీ తారుని గీకేస్తాయి. అందుకే జర్మనీలో 1975 నుంచి వాటిని నిషేధించారు, జపాన్‌లో అలా గీకినప్పుడు లేచే దుమ్ము వల్లే 1990లో వాటికి వ్యతిరేకంగా చట్టం తెచ్చారు. కాబట్టి వింటర్ టైరు కొన్నా నాకు లాభం అనిపించలేదు అని ఎవరన్నా అంటే, వాళ్ళ రోడ్డుకి సరిపోని రకం కొన్నారేమో చూడాలి.

మొట్టమొదటి వింటర్ టైరు ఫిన్లాండ్‌లో తయారైంది, 1934లో, అది లారీల కోసం. ఇప్పటి నోకియన్ కంపెనీకి పూర్వీకులు చేసింది. శుభ్రం చేయని స్నో రోడ్ల మీద సరుకు తీసుకెళ్ళాల్సిన అవసరం నుంచి పుట్టింది.

రెండే మారిస్తే సరిపోదా, ఇంజిన్ బలం వెళ్ళే చక్రాలకి?

దయచేసి ఆ పని చేయకండి. ముందు రెండిటికే వింటర్ టైర్లు వేస్తే ముందు భాగం గట్టిగా పట్టుకుని ఆగుతుంది, వెనక భాగం పట్టు లేక జారుతుంది, మలుపులో బ్రేక్ వేస్తే కారు బొంగరంలా తిరిగిపోతుంది. వెనక రెండిటికే వేస్తే స్టీరింగ్ తిప్పినా కారు తిన్నగా పోతుంది. నాలుగూ ఒకే రకం, ఒకే మోడల్, దాదాపు ఒకే అరుగుదల ఉండాలి.

వింటర్ టైర్లే ఏడాదంతా ఉంచేస్తే?

ఎండాకాలంలో ఆ మెత్తటి రబ్బరు వేగంగా అరిగిపోతుంది, వేడి తారు మీద బ్రేక్ దూరం పెరుగుతుంది, అంటే డబ్బూ పోయి భద్రతా పోయి రెంటికీ చెడ్డట్టు అవుతుంది.

ఎంత అరిగితే మార్చాలి? ఎన్నేళ్ళు వాడొచ్చు?

చాలా చోట్ల చట్టం 1.6 మిల్లీమీటర్లు చాలంటుంది, స్నోకి అది అస్సలు సరిపోదు. కొత్త టైరు సుమారు 8 మిల్లీమీటర్ల లోతుతో వస్తుంది, 4కి వచ్చేసరికి స్నో మీద పట్టు బాగా తగ్గిపోతుంది, ఆస్ట్రియా అయితే 4 కంటే తక్కువ ఉన్నదాన్ని వింటర్ టైరుగానే లెక్కలోకి తీసుకోదు. ఆల్ సీజన్ విషయంలో కూడా ఇదే చూడాలి, కొత్తగా ఉన్నప్పుడు స్నోలో పర్వాలేదనిపించిన ఆల్ సీజన్ టైరు మూడో చలికాలానికి సగం అరిగి వేరే టైరులా ప్రవర్తిస్తుంది, మీరు మాత్రం పోయినేడు బానే ఉంది కదా అన్న ధైర్యంతో వెళ్తుంటారు. వయసు కోసం టైరు పక్కన చివర్లో ఉండే నాలుగంకెలు చూడండి, 3523 అంటే 2023లో 35వ వారం తయారైందని. వాడకపోయినా రబ్బరు ఏళ్ళు గడిచేకొద్దీ గట్టిపడుతుంది, వింటర్ టైరుకి మెత్తదనమే ప్రాణం కాబట్టి ట్రెడ్ ఉంది కదా అని పదేళ్ళ నాటి సెకండ్ హ్యాండ్ సెట్ కొనకండి.

చలికాలంలో గాలి తగ్గించాలా?

వద్దు. స్నోలో గాలి తగ్గిస్తే పట్టు పెరుగుతుందనేది రోడ్డు మీద పనికిరాని సలహా. చలికి గాలి తనంతట తనే తగ్గుతుంది, దాదాపు ప్రతి 5, 6 డిగ్రీలకి ఒక పీఎస్ఐ (టైరులో గాలి ఒత్తిడిని కొలిచే లెక్క) చొప్పున. 25 డిగ్రీల వెచ్చటి షెడ్డులో గాలి కొట్టించుకుని మైనస్ 10లోకి వచ్చారంటే 6 పీఎస్ఐ పోయినట్టే. కారు తలుపు దగ్గర స్టిక్కర్ మీద ఉన్న అంకెకి, టైర్లు చల్లగా ఉన్నప్పుడు చూసి సరిచేసుకోండి.

వెడల్పు టైర్లకి పట్టు ఎక్కువ కదా?

పొడి రోడ్డు మీద. లోతైన స్నోలో, స్లష్‌లో కాస్త సన్నటి టైరే మంచిది, స్నో మీద తేలకుండా కోసుకుని కిందకి దిగుతుంది. అందుకే చాలామంది వింటర్ సెట్‌కి ఒక అంగుళం చిన్న రిమ్ము, సన్నటి టైరు వేస్తారు, గుంతల్లో రిమ్ము వంగే బాధ కూడా తగ్గుతుంది. చక్రం లోపల ఉండే బ్రేక్ క్యాలిపర్‌కి తగలకుండా పట్టే సైజేనా అని మాత్రం కారు మాన్యువల్‌లో చూసుకోవాలి.

ఎలక్ట్రిక్ కారుకి ఏమైనా తేడా ఉందా?

బరువు ఎక్కువ, కాబట్టి లోడ్ ఇండెక్స్, అంటే టైరు ఎంత బరువు మోయగలదో చెప్పే అంకె, తగ్గని టైరే తీసుకోవాలి. యాక్సిలరేటర్ మీద నుంచి కాలు తీయగానే మోటరే కారుని ఆపే రీజెన్ బ్రేకింగ్ ఐస్ మీద కారుని కుదుపుతుంది, జారుడు రోజుల్లో దాన్ని తక్కువలో పెట్టుకోండి.

చట్టం ఏమంటుంది?

దేశాన్ని బట్టి మారుతుంది. కెనడాలో క్యూబెక్ రాష్ట్రంలో డిసెంబర్ 1 నుంచి మార్చి 15 దాకా తప్పనిసరి. జర్మనీలో తేదీలు కాదు, రోడ్డు మీద స్నో, ఐస్ ఉంటే ఉండాల్సిందే, 2024 అక్టోబర్ 1 నుంచి ఒట్టి ఎం ప్లస్ ఎస్ గుర్తు అక్కడ చెల్లదు, కొండ గుర్తు కావాలి. స్వీడన్‌లో డిసెంబర్ 1 నుంచి మార్చి 31 మధ్య చలికాలపు రోడ్డు ఉంటే తప్పనిసరి, లోతు కనీసం 3 మిల్లీమీటర్లు. వేరే దేశంలో కారు అద్దెకి తీసుకుంటే టైరు పక్కన బొమ్మ ఉందో లేదో తాళం తీసుకునే ముందే వంగి చూడండి.

రెండు సెట్లంటే ఖర్చు రెట్టింపు కదా?

కొనే రోజు అలాగే అనిపిస్తుంది. కానీ ఒక సెట్ రోడ్డు మీద ఉన్నప్పుడు ఇంకోటి అరగదు, రెండూ కలిపి దాదాపు రెట్టింపు కాలం వస్తాయి. అదనంగా అయ్యేది రిమ్ములు, మార్పించే కూలి, దాచే చోటు. వింటర్ సెట్‌కి విడిగా రిమ్ములు ఉంటే ప్రతిసారీ టైరు ఊడదీసి ఎక్కించే పని తప్పుతుంది, అంచులు పాడవవు.

ఎప్పుడు మార్చాలి, తీసినవి ఎలా దాచాలి?

మొదటి స్నో పడే దాకా ఆగకండి, ఆ రోజు అందరూ షాపు ముందే ఉంటారు. పగటి టెంపరేచర్ 7 డిగ్రీల దగ్గర తచ్చాడుతున్నప్పుడే మార్చేయండి, కొత్త టైర్లయితే మొదటి కొన్ని వందల కిలోమీటర్లు మెత్తగా నడపండి, తయారీలో అంటుకున్న జిడ్డు పొర పోయి, సైప్స్ అంచులు విచ్చుకునే దాకా పూర్తి పట్టు రాదు.

తీసినవాటిని కడిగి, ఆరబెట్టి, ఎండ తగలని చల్లటి పొడి చోట పెట్టండి. రిమ్ముతో ఉంటే ఒకదాని మీద ఒకటి పేర్చొచ్చు, రిమ్ము లేకపోతే నిలబెట్టి అప్పుడప్పుడు కాస్త తిప్పాలి. మోటర్లు నడిచే గదిలో వద్దు, వాటి నుంచి వచ్చే ఓజోన్ రబ్బరుని పగలగొడుతుంది. ఏది ముందు ఎడమ, ఏది వెనక కుడి అని విప్పేటప్పుడే సుద్దతో రాసేయండి. మార్పించుకున్నాక 50 నుంచి 100 కిలోమీటర్లు తిరిగి, చక్రాల నట్లు ఇంకోసారి బిగింపు చూపించుకోండి, ఇది మాత్రం వాయిదా వేయొద్దు.